నోరు ఎర్రగా పండేటప్పుడు కణంలో ఏం జరుగుతుంది?

భోజనం అయ్యాక ఒక తమలపాకు తీసుకుని, తొడిమ గిల్లి, సున్నం రాసి, రెండు వక్క పలుకులూ చిటికెడు కాచూ పెట్టి మడిచి బుగ్గన పెట్టుకుంటే కాసేపట్లో నోరు ఎర్రబడుతుంది. ఆకు పచ్చన, సున్నం తెల్లన, వక్కా కాచూ గోధుమ రంగు. అంత ఎరుపు పళ్ళెంలో ఎక్కడా లేదు, నోట్లోనే పుట్టింది. ఎంత బాగా పండితే అంత ప్రేమ ఉన్నట్టని కొత్త దంపతుల్ని ఆటపట్టించడం మన పెళ్ళిళ్ళలో మామూలే. ఆ రంగు పుట్టే చర్యలోనే, బుగ్గ లోపలి కణాల్లో ఉన్న డీఎన్ఏని దెబ్బతీసే పదార్థాలు కూడా పుడతాయన్న సంగతి మాత్రం పెళ్ళిళ్ళలోనే కాదు, ఆరోగ్య ప్రచారాల్లో కూడా అంతగా వినపడదు.

కిళ్ళీ, జర్దా, గుట్కా, ఖైనీ అనగానే క్యాన్సర్ అనే మాట అందరికీ గుర్తొస్తుంది. ప్యాకెట్ మీద బొమ్మ కూడా ఉంటుంది. కానీ బుగ్గన ఉన్న ముద్దకీ ఆ బొమ్మకీ మధ్య ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు తక్కువ కావడంతో రెండు నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. పొగాకు లేకుండా ఒట్టి వక్క వేసుకుంటే ఫరవాలేదన్నది ఒకటి. పుండో గడ్డో కనిపించేదాకా లోపల అంతా బాగానే ఉన్నట్టేనన్నది రెండోది. కణం దగ్గరికి వెళ్ళి చూస్తే రెండూ నిలబడవు.

సున్నం చేసే పని

వక్క వగరుగా ఉండటానికి కారణం అందులోని టానిన్లు, కాటెకిన్లు. వీటిని కలిపి పాలీఫినాల్స్ అంటారు. కాచులోనూ ఇవే దట్టంగా ఉంటాయి. మామూలు లాలాజలం ఇటు ఆమ్లమూ అటు క్షారమూ కాకుండా పీహెచ్ 7 దగ్గర ఉంటుంది. సున్నం తగిలిన చోట మాత్రం అది బాగా క్షారం వైపు జరుగుతుంది. పీహెచ్ 9.5 దాటితే ఈ పాలీఫినాల్స్ ఆక్సిజన్‌తో వాటంతట అవే చర్య జరిపి ఎర్రటి పదార్థాలుగా మారతాయి. ఆ క్రమంలో ఆక్సిజన్ సూపర్ఆక్సైడ్‌గానూ, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గానూ మారుతుంది. పక్కన రాగి, ఇనుము ఉంటే ఇంకో మెట్టు దిగి హైడ్రాక్సిల్ రాడికల్ తయారవుతుంది. వక్కలో రాగి ఎలాగూ ఎక్కువే. హైడ్రాక్సిల్ రాడికల్‌కి ఆయుష్షు క్షణంలో ఎన్నో వంతు కూడా ఉండదు, కానీ ఆ లోపే పక్కన ఏది దొరికితే దాన్ని విరగ్గొడుతుంది. కణం పొరలోని కొవ్వు దొరికితే కొవ్వుని, డీఎన్ఏ దొరికితే డీఎన్ఏని.

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్సీలో పరిశోధకులు ఈ చర్యని 1980ల్లో ముందు గాజు గొట్టంలో చూపించారు. గాజు గొట్టం వేరు, మనిషి నోరు వేరు అనే సందేహం సహజం. దానికి జవాబు ఒక తెలివైన ప్రయోగంలో దొరికింది. ఫినైల్అలనీన్ అనే అమైనో ఆమ్లాన్ని మన శరీరం టైరోసిన్‌గా మార్చుకుంటుంది. ఆ మార్చుకోవడం ఎప్పుడూ ఒకే రూపంలో జరుగుతుంది, దాన్ని పారా టైరోసిన్ అంటారు. ఆర్థో, మెటా అనే రూపాలు హైడ్రాక్సిల్ రాడికల్ తగిలితే ఏర్పడేవి. ఫినైల్అలనీన్‌ని నోట్లో ఉంచి వక్క, సున్నం నమిలించినప్పుడు లాలాజలంలో ఆ ఆర్థో, మెటా రూపాలు కనిపించాయి. అంటే ఆ రాడికల్ నిజంగానే నోట్లో, నములుతున్న ఆ కాసేపట్లోనే పుడుతోంది.

డీఎన్ఏ నాలుగు అక్షరాలతో రాసిన పుస్తకం అనుకుంటే, ఈ రాడికల్స్‌కి తేలిగ్గా చిక్కేది జి అనే అక్షరం, గ్వానిన్. ఆక్సిజన్ అంటుకున్న గ్వానిన్ చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది కానీ, కణం విభజన చెందేటప్పుడు నకలు రాసే ఎంజైము దాన్ని పొరపాటు చదువుతుంది. సి పెట్టాల్సిన చోట ఎ పెడుతుంది. ఇంకో విభజన అయ్యేసరికి మొదట జి ఉన్న చోట టి స్థిరపడిపోతుంది. కణంలో ఇలాంటి తప్పుల్ని వెతికి సరిదిద్దే ఎంజైములు ఉన్నాయి, అవి రోజూ పనిచేస్తూనే ఉంటాయి. రోజుకి పది పన్నెండు సార్లు, ఇరవై ముప్ఫై ఏళ్ళపాటు నమిలే బుగ్గలో అవి ఎన్నిటిని సరిదిద్దగలవన్నదే ప్రశ్న.

సున్నం చేసే పని అక్కడితో ఆగదు. పొగాకులోని నికోటిన్ క్షారంలో నోటి పొర గుండా తేలిగ్గా దూరే రూపంలోకి మారుతుంది. ఖైనీ వేసుకునేవాళ్ళు అరచేతిలో పొగాకు పోసి, సున్నం అద్ది, బొటనవేలితో నలిపి నలిపి దులపడం ఊరికే కాదు. ఆ నలపడంలోనే మత్తు సిద్ధమవుతుంది. సున్నం పొరని కాల్చి పైకణాల్ని చంపుతుంది కూడా. పైకణాలు రాలితే వాటి చోటు నింపడానికి అడుగు పొర కణాలు త్వరత్వరగా విభజన చెందాలి. ఎన్నిసార్లు నకలు రాస్తే అన్ని తప్పులకి అవకాశం. పాపువా న్యూగినీలో వక్కని నమిలి, సున్నాన్ని ఒక పుల్లతో విడిగా నోటి మూలకి, బుగ్గ లోపలికి రాసుకునే అలవాటు ఉంది. అక్కడి రోగుల్ని పరిశీలించి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, క్యాన్సర్లు ఎక్కువగా సరిగ్గా ఆ సున్నం తగిలే చోటే కనిపించాయి.

పొగాకు లేకపోతే ఫరవాలేదా?

వక్క అంటే వగరు గింజ మాత్రమే అనుకుంటాం. అందులో అరెకోలిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది, దానితోపాటు అరెకాయిడిన్, గువాసిన్, గువాకోలిన్ ఉన్నాయి. కొత్తగా వేసుకున్నవాళ్ళకి ఒళ్ళు వెచ్చబడి, నుదుటన చెమట పట్టి, గుండె దడదడలాడటం అరెకోలిన్ పనే. కణంలోకి వెళ్ళాక అది గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని ఖర్చు చేసేస్తుంది. పైన చెప్పిన రాడికల్స్‌ని పట్టుకుని ఆర్పేసే నీటిబిందె లాంటిది గ్లూటాథయోన్. ఒకపక్క నిప్పు రాజేస్తూ ఇంకోపక్క బిందె ఒలకబోస్తే ఎలా ఉంటుందో నోట్లో అలా జరుగుతుంది.

ఇంకోటుంది. లాలాజలంలో నైట్రైట్ సహజంగానే ఉంటుంది. నోటి శుభ్రత సరిగా లేనివాళ్ళలో బాక్టీరియా వల్ల ఇంకాస్త ఎక్కువ. అరెకోలిన్, నైట్రైట్ కలిస్తే నైట్రోసమైన్లు అనే రసాయనాలు తయారవుతాయి. వాటిలో ఎంఎన్‌పీఎన్ అనేది తాంబూలం నమిలేవాళ్ళ లాలాజలంలోనే దొరికింది. ఎలుకల్లో గడ్డలు పుట్టించే పదార్థమది. దీనికి పొగాకుతో ఏ సంబంధమూ లేదు, వక్క ఒక్కటే చాలు.

పొగాకు కూడా చేరితే సొంత నైట్రోసమైన్లు తెస్తుంది. ఎన్ఎన్ఎన్, ఎన్ఎన్‌కే అనే ఈ రెండూ ఆకుని ఆరబెట్టి మగ్గబెట్టే దశలోనే తయారై వస్తాయి. కణంలోని ఎంజైములు వాటిని బయటికి పంపేద్దామని విరగ్గొట్టబోతే, ఆ విరిగిన ముక్కలే డీఎన్ఏకి అంటుకుంటాయి. ఈ రెండూ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని ఐఏఆర్సీ తేల్చేసింది.

పొగాకు లేని తాంబూలం గురించి లోకానికి గట్టి సాక్ష్యం ఇచ్చినవాటిలో తైవాన్ ఒకటి. అక్కడ వక్కలో పొగాకు కలపరు. అయినా నోటి క్యాన్సర్ అక్కడ పెద్ద సమస్య అయింది. ఇంకో సాక్ష్యం మనకి కాస్త దగ్గరిది. 1860 నుంచి 1911 దాకా చెరుకు తోటల్లో ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్ళినవాళ్ళలో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడి భారతీయ కుటుంబాల్లో ఆడవాళ్ళు ఎక్కువగా పొగాకు లేకుండానే వక్క నమిలేవారు. నోటి క్యాన్సర్ ఆ ఆడవాళ్ళలో కనిపించిన తీరుకి వక్కతోనే ముడి ఉందని అక్కడి దంత వైద్య పరిశోధకులు 1993లో చూపించారు. సముద్రం దాటి వెళ్ళినా వదలని అలవాటు, పొగాకుని పక్కనపెట్టినా వదలని జబ్బు.

1985లో ఐఏఆర్సీ పొగాకు కలిసిన తాంబూలాన్ని మాత్రమే క్యాన్సర్ కారకం అంది. పొగాకు లేనిదాని గురించి అప్పటికి సాక్ష్యం చాలదని రాసింది. 2004లో వెలువడిన సంపుటంలో పొగాకు లేని తాంబూలాన్నీ, ఒట్టి వక్కనీ కూడా మొదటి తరగతిలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయినవాటిలో చేర్చింది. ఆ రెండిటి మధ్య కాలమంతా 'పొగాకు లేదు' అనే మాట మీద పాన్ మసాలా ప్యాకెట్లు ఊరూరా అమ్ముడుపోయాయి. ఇప్పటికీ ఆ మాట ప్యాకెట్ మీద ఒక భరోసాలా కనిపిస్తుంది. భోజనాల తర్వాత పిల్లల చేతిలో తీపి వక్కపొడి పెట్టే పెద్దవాళ్ళకి ఇందులో ఏ దురుద్దేశమూ లేదు. తెలియకపోవడమే. అందుకే ఈ విషయం క్యాన్సర్ ఆస్పత్రి గోడల దగ్గర ఆగిపోకుండా వంటింటిదాకా రావాలి.

తమలపాకు సంగతి వేరు. ఆకుని విడిగా పరీక్షించినప్పుడు అందులోని యూజినాల్, హైడ్రాక్సీచావికాల్ లాంటివి ప్రయోగశాలలో జన్యు నష్టాన్ని కొంత అడ్డుకోవడం ముంబయి పరిశోధకులు 1980ల్లోనే గమనించారు. పేరంటంలో ఆకు ఇచ్చినా, దేవుడి దగ్గర పెట్టినా, కషాయంలో వేసినా ఈ వ్యాసానికి పేచీ లేదు. ఆకు మంచిదని వక్క మంచిదవదు. గుట్కా, పాన్ మసాలాల్లో ఆ కాస్త ఆకు కూడా లేదు, ఎండు వక్కే ఎక్కువ.

బుగ్గ గీకి చూస్తే

కణంలో జరిగే ఈ గొడవని పుండు పడకముందే చూడొచ్చా? చూడొచ్చు, అందుకు కోత కూడా అక్కర్లేదు. నీళ్ళతో నోరు పుక్కిలించి, చెక్క బద్దతోనో మెత్తటి బ్రష్షుతోనో బుగ్గ లోపల నెమ్మదిగా గీకితే వేల కణాలు రాలివస్తాయి. వాటిని గాజు పలక మీద పరిచి, ఫ్యూల్జెన్ అనే రంగు వేస్తారు. డీఎన్ఏ ఉన్న చోటు ముదురు గులాబీ రంగు తేలుతుంది, మిగతా కణం వేరే రంగులో లేతగా ఉంటుంది. మైక్రోస్కోపులో ఒక్కో కణం వెడల్పాటి రేకులా, మధ్యలో గుండ్రటి గులాబీ చుక్కతో కనిపిస్తుంది. ఆ చుక్కే కేంద్రకం.

కొన్ని కణాల్లో ఆ పెద్ద చుక్క పక్కన ఇంకో బుల్లి చుక్క ఉంటుంది. అదే రంగు, అదే గుండ్రదనం, సైజు మాత్రం మూడో వంతుకి మించదు. దాన్ని సూక్ష్మకేంద్రకం అంటారు. అడుగు పొరలో కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్ఏ చుట్టలైన క్రోమోజోమ్‌లు తాళ్ళతో లాగినట్టు చెరో పక్కకీ వెళ్తాయి. విరిగిన క్రోమోజోమ్ ముక్కకి తాడు కట్టుకునే చోటు ఉండదు, అది వెనకబడిపోతుంది. కొన్నిసార్లు తాళ్ళు తెగి మొత్తం క్రోమోజోమే మిగిలిపోతుంది. ఇల్లు మారేటప్పుడు లారీ ఎక్కకుండా వాకిట్లో ఉండిపోయిన సామానులా ఆ ముక్క విడిగా ఒక పొర కప్పుకుని ఉండిపోతుంది. రెండు మూడు వారాల్లో ఆ కణం పైకి జరిగి బుగ్గ ఉపరితలానికి చేరుతుంది. గాజు పలక మీద కనిపించే బుల్లి చుక్క, కొన్ని వారాల కిందట అడుగు పొరలో జరిగిన నష్టానికి గుర్తు.

ఏ అలవాటూ లేని ఆరోగ్యవంతుల్లో ఇలాంటివి వెయ్యి కణాలకి ఒకటో రెండో ఉంటాయి. నమిలేవాళ్ళలో ఎన్నో రెట్లు పెరుగుతాయి. కెనడాలోని వాంకూవర్‌లో పనిచేసిన హాన్స్ స్టిచ్, మిరియం రోసిన్ ఈ పరీక్షని తాంబూలం, పొగాకు నమిలేవాళ్ళ మీద 1980ల మొదట్లో వాడి చూపించారు. వాళ్ళకి కణాలు ఇచ్చినవాళ్ళలో మన దేశంలోని ఖైనీ వాడకందార్లు, కేరళ మత్స్యకారులు, ఫిలిప్పీన్స్ కొండ ప్రాంతాల ప్రజలు ఉన్నారు. అన్నిటికన్నా ఆలోచింపజేసేది, ఈ చుక్కలు నోరంతా సమానంగా ఉండకపోవడం. ఖైనీ పెట్టుకునే చోట ఎక్కువ, పెట్టుకోని చోట తక్కువ. చుట్ట నిప్పు ఉన్న కొనని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్ళలో అంగిట్లో ఎక్కువ. శ్రీకాకుళం ప్రాంతంలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి అంగిలి క్యాన్సర్ వస్తుందని మన వైద్యులు ఎప్పుడో గుర్తించారు. ఏ చోట క్యాన్సర్ వస్తోందో సరిగ్గా ఆ చోటే క్రోమోజోములు విరుగుతున్నాయని ఈ పరీక్ష చూపించింది.

నష్టం బుగ్గకే పరిమితమని కూడా చెప్పలేం. అహ్మదాబాద్‌లోని గుజరాత్ క్యాన్సర్ పరిశోధన సంస్థ వాళ్ళు నమిలేవాళ్ళ రక్తంలోని తెల్లకణాల్ని పరీక్షిస్తే, అక్కడా క్రోమోజోములు విరగడం, ఒకే క్రోమోజోమ్ తాలూకు జంట పోగుల మధ్య ముక్కల మార్పిడి మామూలుకన్నా ఎక్కువగా కనిపించాయి. ఉమ్మేసినా, మింగకపోయినా, నోటి పొర గుండా రక్తంలోకి చేరేది చేరుతూనే ఉంటుంది.

సూక్ష్మకేంద్రకం కనిపించిందంటే క్యాన్సర్ వచ్చినట్టు కాదు. అలాంటి కణాల్లో చాలామటుకు మామూలుగా రాలిపోతాయి. వాటి సంఖ్య పెరగడం, అడుగు పొరలో జన్యువుల మీద దాడి ఎంత జోరుగా ఉందో చెప్పే కొలత. నొప్పి లేదు, మచ్చ లేదు, అద్దంలో చూసుకుంటే బుగ్గ మామూలుగానే ఉంది. గాజు పలక మీద మాత్రం కథ మొదలైపోయింది.

ఆవకాయ సహించని నోరు

కొందరిలో క్యాన్సర్ కన్నా చాలా ముందు ఇంకో జబ్బు వస్తుంది. మొదట కారం సహించదు. నిన్నటిదాకా ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని తిన్న మనిషి పెరుగన్నం ముందు పెట్టుకుని కూర్చుంటాడు. తర్వాత బుగ్గలు తెల్లగా పాలిపోయి, లోపల తాళ్ళలాంటి పట్టీలు తగులుతాయి. నోరు పూర్తిగా తెరుచుకోదు. పానీపూరీ నోట్లో పట్టడం లేదని డాక్టరు దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు దంత వైద్యులకి కొత్త కాదు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెడితే మామూలు నోట్లో పడతాయి. ఈ జబ్బులో రెండు, ఒక్కోసారి ఒకటి.

దీని పేరు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. 1952లో కెన్యాలో ఉంటున్న ఐదుగురు భారతీయ స్త్రీలలో ష్వార్ట్జ్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. మరుసటి ఏడు బొంబాయిలో డాక్టర్ జోషి ఇప్పటి పేరు దాకా తీసుకొచ్చారు. దీనికి అసలు కారణం వక్కే.

బుగ్గ పొర కింద ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు ఉంటాయి. కొల్లాజెన్ అనే నారని అల్లేదీ, పాతబడిన నారని తినేసి శుభ్రం చేసేదీ అవే. అరెకోలిన్ తగిలితే అల్లిక పెరుగుతుంది, శుభ్రం చేయడం తగ్గుతుంది. టీజీఎఫ్ బీటా అనే సంకేతం 'ఇంకా అల్లు' అని చెబుతూనే ఉంటుంది. వక్కలోని రాగి, లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముకి బలమిచ్చి నారపోగుల మధ్య ముళ్ళు బిగిస్తుంది. టానిన్లు ఆ నారని అరగకుండా చేస్తాయి. తోళ్ళు పదును చేసేవాళ్ళు టానిన్‌ని ఎందుకు వాడతారో తెలిస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. పచ్చి తోలు చివికిపోకుండా గట్టిపడటానికి తుమ్మ చెక్క చేసే పనీ, బుగ్గలో వక్క చేసే పనీ ఒకే రసాయనం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1996లో ప్రచురించిన ఒక పోలికని ఇక్కడ చెప్పుకోవాలి. తాంబూలం నమిలేవాళ్ళలో ఈ జబ్బు రావడానికి సగటున ఎనిమిదేళ్ళకి పైగా పడితే, పాన్ మసాలా నమిలేవాళ్ళలో మూడేళ్ళలోపే వచ్చింది. తాతగారి వక్కల సంచీకీ, మనవడి జేబులోని ప్యాకెట్‌కీ తేడా అంత ఉంది. తాతగారి అలవాటుని చూసి 'ఆయన ఎనభై ఏళ్ళు బతికాడు కదా' అని మనవడికి ధైర్యం చెప్పడం ఈ లెక్క ముందు పనికిరాదు.

ఇది బిగుసుకుపోవడంతో ఆగే జబ్బు కాదు. ఎర్నాకుళం జిల్లాలో 66 మంది రోగుల్ని 17 ఏళ్ళపాటు వదలకుండా గమనించిన అధ్యయనంలో ఐదుగురికి, అంటే 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చింది.

కణం అదుపు తప్పే దారి

ఒక్క తప్పుతో క్యాన్సర్ రాదు. 17వ క్రోమోజోమ్ మీద ఉన్న టీపీ53 అనే జన్యువు, దెబ్బతిన్న కణాన్ని ఆపి 'బాగుచేసుకో, లేదా చచ్చిపో' అని చెప్పే కాపలాదారు. కాస్ప్8 అనేది చావు మీట. నాచ్1, ఫ్యాట్1 కణం ఎప్పుడు ఎదగాలో, పక్క కణంతో ఎలా ఒదిగి ఉండాలో చూస్తాయి. పశ్చిమ బెంగాల్ కల్యాణిలోని జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ, నవీ ముంబయిలోని టాటా మెమోరియల్ పరిశోధనా కేంద్రం కలిసి 2013లో చిగురు, బుగ్గ క్యాన్సర్ల జన్యువుల్ని చదివారు. ముందు 50 మంది గడ్డల్ని పూర్తిగా, తర్వాత ఇంకో 60 మందివి సరిచూసుకోవడానికి. పైన చెప్పిన జన్యువులన్నీ మళ్ళీ మళ్ళీ విరిగి కనిపించాయి. వాటితోపాటు యూఎస్‌పీ9ఎక్స్, ఆరిడ్2 లాంటి కొత్త పేర్లూ బయటపడ్డాయి. అక్షరాలు చెరగకపోయినా కొన్ని జన్యువుల మీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్ర పడి అవి పనిచేయకుండా పోవడం కూడా ఉంది. కణ విభజనకి బ్రేకు వేసే పీ16 జన్యువుకి నమిలేవాళ్ళలో తరచూ ఇలా జరుగుతుంది.

అందరూ నమిలినా కొందరికే ఎందుకు వస్తుందన్న ప్రశ్నకి కొంత జవాబు పుట్టుకతో వచ్చిన జన్యువుల్లో ఉంది. విషాన్ని కడిగేసే జీఎస్‌టీఎం1 అనే జన్యువు కొందరిలో అసలు ఉండనే ఉండదు. నైట్రోసమైన్లని విరగ్గొట్టే సిప్2ఏ6 ఎంజైము కొందరిలో చురుకు, కొందరిలో మందకొడి. అయితే తనది ఏ రకమో ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చుకోలేరు. రోజుకి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎన్నేళ్ళు అన్నదే అన్నిటికన్నా పెద్ద తేడా తెస్తుంది. పెళ్ళిలో ఒక కిళ్ళీ వేసుకున్న మనిషినీ, రాత్రి నిద్రలో కూడా బుగ్గన ముద్ద ఉంచుకునే మనిషినీ ఒకే గాటన కట్టకూడదు.

జన్యువులు దెబ్బతింటాయంటే పిల్లలకీ సంక్రమిస్తుందా అని చాలామంది అడుగుతారు. బుగ్గ కణంలో పడిన తప్పు ఆ బుగ్గలోనే ఉంటుంది, వంశంలోకి వెళ్ళదు. కానీ కడుపులో బిడ్డ మాటకొస్తే వేరు. ముంబయిలో గర్భిణుల మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, నమిలే పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. తైవాన్‌లో తండ్రుల వక్క అలవాటుకీ, పిల్లల్లో చిన్న వయసులోనే పొట్ట లావు, బీపీ, షుగర్ లాంటివి కలిసి వచ్చే మెటబాలిక్ సిండ్రోమ్‌కీ సంబంధం ఉన్నట్టు 2006లో తేలింది. పళ్ళ నొప్పికనీ, వేవిళ్ళకనీ, ఆకలి తెలియకుండా ఉంటుందనీ పొగాకు బుగ్గన పెట్టుకునే ఆడవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. గర్భిణుల పరీక్షల్లో రక్తం, బీపీ అడిగినట్టే ఇది కూడా అడగాలి.

మానేశాక

2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 21.4 శాతం, అంటే దాదాపు 20 కోట్ల మంది పొగరాని పొగాకు వాడుతున్నారు. 2022లో ప్రపంచంలో నోటి క్యాన్సర్లలో 1,20,200 కేసులకి పొగరాని పొగాకు, వక్క కారణమని ఐఏఆర్సీ లెక్కగట్టింది. అందులో 83,400 భారతదేశంలోనివి. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011లో నిబంధన వచ్చింది. దాని ఆధారంగా 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గుట్కా నిషేధించారు. వెంటనే పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు ఇంకో ప్యాకెట్ అయ్యాయి. రెండూ కలుపుకునే పని కొనేవాడి అరచేతికి వచ్చింది.

మానడం తేలిక కాకపోవడానికి కూడా కణంలోనే కారణం ఉంది. మెదడులో నికోటిన్ తలుపు తట్టే గ్రాహకాలనే అరెకోలిన్ కూడా తడుతుందని 2015లో అమెరికా పరిశోధకులు చూపించారు. పొగాకు లేని వక్క మానేసినా చిరాకు, టెన్షన్, పని మీద మనసు నిలవకపోవడం అందుకే. దాన్ని మనోబలం లేకపోవడంగా చూసి మందలించే ఇంటివాళ్ళకి ఇది తెలిస్తే బాగుంటుంది. మానాలనుకునేవాళ్ళకి ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 ఉంది.

విటమిన్లతో సరిపెట్టుకోవచ్చనే ఆశని కూడా ఒకప్పుడు పరీక్షించి చూశారు. స్టిచ్ బృందం కేరళ మత్స్యకారులకి విటమిన్ ఎ, బీటా కెరోటిన్ ఇచ్చి చూసింది. నములుతున్నా కూడా సూక్ష్మకేంద్రకాలు తగ్గాయి, తెల్ల మచ్చలు కొన్ని మాయమయ్యాయి. మాత్రలు ఆపగానే మళ్ళీ వచ్చాయి. తర్వాత 1994లో ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్ళకి బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. కూరగాయలు తినడం మంచిదే, దాన్ని నమలడానికి లైసెన్సుగా తీసుకోలేం.

నమలడం ఆగితే దాడి ఆగుతుంది. నష్టపడిన పైకణాలు వారాల్లో రాలిపోతాయి, వాటి వెనక వచ్చేవి సున్నం, అరెకోలిన్ సోకకుండా పుట్టినవి. అడుగు పొరలో ఇప్పటికే టీపీ53 విరిగిన కణం ఏదైనా ఉంటే అది అక్కడే ఉండిపోతుంది, అందుకే మానేసి ఏళ్ళయినవాళ్ళు కూడా నోరు చూపించుకుంటూ ఉండాలి. బిగుసుకున్న కొల్లాజెన్ పట్టీలు కూడా తిరిగి మెత్తబడవు. మందులు, వ్యాయామాలు, ఆపరేషన్‌తో నోరు కొంత తెరుచుకునేలా చేయగలరు.

చూడటానికి కావలసింది కూడా పెద్దగా లేదు. తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి వెలుతురులో నోరు తెరిపించి చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు అలా చూడని ఊళ్ళతో పోలిస్తే మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. వాళ్ళు వెతికింది తుడిస్తే పోని తెల్ల మచ్చ, మెత్తటి ఎర్ర మచ్చ, రెండు వారాలకీ మానని పుండు, తాడులా తగిలే బుగ్గ. ముద్ద ఏ పక్కన పెట్టుకుంటారో ఆ పక్క ముందు చూడాలి.